ట్యాంకు మోడల్ కొనేముందు తేదీ రాసుకోండి

"టీ-55 మోడల్ ఒకటి కావాలి" అని వెతకడం మొదలుపెడితే సగం తప్పు అక్కడే జరిగిపోతుంది. టీ-55 అంటే ఒకే బండి కాదు. 1958లో సోవియట్ ఫ్యాక్టరీలో తయారైన బండికి 100 మి.మీ. ఫిరంగి ఉంటుంది. అదే బండికి మన సైన్యం తర్వాతి కాలంలో 105 మి.మీ. ఫిరంగి బిగించింది. పెట్టె మీద మాత్రం రెండింటికీ ఒకటే పేరు. అందుకే డబ్బు తీయకముందే ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాయండి: ఏ ట్యాంకు, ఏ రెజిమెంట్, ఏ చోటు, ఏ తేదీ. ఉదాహరణకు: సెంచూరియన్, పూనా హార్స్, ఫిల్లోరా (పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ దగ్గరి ఊరు), 1965 సెప్టెంబరు 11. ఇంత రాసుకున్నాక ఏ ఫిరంగి వెతకాలో, ఏ గుర్తులు వేయాలో, ఏ రంగు దుమ్ము చల్లాలో దానంతట అదే తేలుతుంది. తేదీ లేకపోతే ముక్కలుగా కొని మనమే అతికించే ప్లాస్టిక్ కిట్టు ఎంత ఖరీదైనదైనా బొమ్మే.

తర్వాత తేల్చుకోవాల్సింది స్కేలు, అంటే మోడల్ అసలు బండిలో ఎన్నో వంతు అన్నది. 1/35, 1/48, 1/72 ఈ మూడే ఎక్కువగా దొరుకుతాయి. 1/35 అనే వింత లెక్క వెనక పెద్ద శాస్త్రమేమీ లేదు. 1960ల మొదట్లో జపాన్‌కు చెందిన తమియా కంపెనీ మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు తయారుచేస్తూ, లోపల బ్యాటరీలు పట్టేలా సైజు పెట్టుకుంది. అదే తర్వాత అందరికీ కొలతైంది.

స్కేలు ఎంచుకునేముందు మోడళ్లు పెట్టే బీరువా అర కొలవండి. టీ-55 ఫిరంగి ముందుకు పెట్టినప్పుడు పొడవు 9 మీటర్లు, వెడల్పు 3.27 మీటర్లు. 1/35లో అది సుమారు 257 మి.మీ. పొడవు, 93 మి.మీ. వెడల్పు. 30 సెం.మీ. లోతు, 90 సెం.మీ. వెడల్పు ఉన్న అరలో, బండికీ బండికీ మధ్య 3 సెం.మీ. వదిలితే ఏడు పడతాయి. 1/72లో పొడవు 125 మి.మీ. మాత్రమే కాబట్టి రెండు వరసలు పెట్టి ఇరవైకి పైగా సర్దొచ్చు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు 1/72 మేలు. ఒకే అరలో రెండు స్కేళ్లు కలపకండి. పక్కపక్కన పెడితే 1/72 సెంచూరియన్ 1/35 టీ-55కి పిల్లలా కనిపిస్తుంది.

కిట్టు చేతికొచ్చాక కొలత

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా కిట్లు ఎక్కువగా కొరియర్‌లోనే వస్తాయి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి. సూచనల కాగితంలో ఉన్న ఫ్రేముల (ముక్కలు అతికి ఉండే ప్లాస్టిక్ చట్రాల) పటం ముందు పెట్టుకుని ఒక్కో ఫ్రేమునూ లెక్కపెట్టండి. విదేశం నుంచి తెప్పిస్తుంటే సుంకం, రవాణా కలిపి చివరికి ఎంతవుతుందో ముందే అడగాలి. కిట్టు ధర చూసి మురిసిపోతే పార్సిల్ వచ్చిన రోజున గుండె గుభేలుమంటుంది.

పెట్టె మీది బొమ్మ కొత్తదైనంత మాత్రాన లోపలి అచ్చు కొత్తదని కాదు. పాత అచ్చులనే కొత్త పెట్టెల్లో పెట్టి అమ్ముతుంటారు. పాతదని పట్టించే గుర్తులు రెండున్నాయి. హల్ (టరెట్ కింద ఉండే బండి శరీరం) అడుగున మోటారు స్విచ్చి కోసం వదిలిన కంతలు ఒకటి. రెండోది, ట్రాకు (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీ) పైన మడ్‌గార్డుకూ హల్‌కూ మధ్య ప్లాస్టిక్ మూత లేకుండా ఖాళీగా ఉండటం. కంతలను ప్లాస్టిక్ షీటుతో మూసేయొచ్చు. మోటారు పట్టడం కోసం హల్‌నే వెడల్పు చేసి ఉంటే మాత్రం చేయగలిగింది లేదు.

అది తేల్చడానికి ఒక డిజిటల్ వెర్నియర్ కాలిపర్ చాలు. అసలు కొలతను మిల్లీమీటర్లలోకి మార్చి స్కేలుతో భాగించండి. టీ-55 వెడల్పు 3270 ÷ 35 = 93.4. రోడ్డు చక్రం వ్యాసం 810 ÷ 35 = 23.1. ట్రాకు వెడల్పు 580 ÷ 35 = 16.6. ఫిరంగి రంధ్రం 100 ÷ 35 = 2.9. సెంచూరియన్ వెడల్పు 3380 ÷ 35 = 96.6. ఈ లెక్కలు కిట్టు పెట్టె లోపలి మూత మీదే రాసి పెట్టుకోండి.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పొకటుంది. పుస్తకంలో "పొడవు" అని ఉంటే అది ఫిరంగితో కలిపా, హల్ ఒక్కటేనా అని చూడరు. వెనక ఇంధనం డ్రమ్ములు కలిపారా లేదా అన్నదీ చూడరు. తీరా 1/35లో ఏడు సెంటీమీటర్ల తేడా వచ్చిందని కిట్టును తిట్టుకుంటారు. పొడవు కన్నా వెడల్పు, చక్రం వ్యాసం నమ్మదగ్గ కొలతలు. ఒక్క మిల్లీమీటరు తేడాకు కిట్టును పారేయకండి. 1/35లో అది అసలు బండి మీద 35 మి.మీ., దాన్ని కన్ను పట్టదు. మూడు మిల్లీమీటర్లంటే పది సెంటీమీటర్లు, ముఖ్యంగా టరెట్‌లో (ఫిరంగిని మోస్తూ పైన తిరిగే భాగంలో) అంత తేడా ఉంటే అద్దాల బీరువా బయట నుంచే తెలుస్తుంది.

ఫోటో చదవడం

ఈ అభిరుచిలో అసలు పని ఇదే. ఏ ఫోటో ముందున్నా ఈ వరుసలో చూడండి: ముందు చక్రాలు, తర్వాత ఫిరంగి, తర్వాత టరెట్ పైభాగం, చివరికి గుర్తులు. కింది నుంచి పైకి ఎందుకంటే చక్రాల అమరికను మార్చడం అరుదు, గుర్తులను నిన్న సాయంత్రం కూడా మార్చి ఉండొచ్చు.

టీ-54, టీ-55 రెండింటికీ అయిదేసి చక్రాలు. మొదటి చక్రానికీ రెండోదానికీ మధ్య ఖాళీ ఎక్కువ. టీ-62కీ అయిదే, కానీ అక్కడ ఖాళీ వెనక వైపు చక్రాల మధ్య ఉంటుంది. ఆరు చక్రాలు, పైన ట్రాకును మోసే చిన్న రోలర్లు కనిపిస్తే విజయంత కావచ్చు. టీ-54నీ టీ-55నీ విడదీయాలంటే టరెట్ పైభాగం చూడాలి. ముందు వైపు కుడి పక్కన బోర్లించిన చిన్న గిన్నె లాంటి గాలిగూడు ఉంటే టీ-54, లేకపోతే టీ-55. మన యుద్ధాల ఫోటోల్లో ఈ గిన్నె చాలా ముఖ్యం. పాకిస్తాన్ వాడిన చైనా టైప్ 59 కూడా టీ-54కు నకలే కాబట్టి దాని మీదా గిన్నె ఉంటుంది. "మన టీ-55" అనే శీర్షిక కింద పట్టుబడిన టైప్ 59 ఉండటం అసాధ్యమేమీ కాదు. ఫోటోను నమ్మండి, కింది రాతను నమ్మకండి.

ఫిరంగి మీద ఉబ్బెత్తుగా ఉండే పొగగొట్టం (పేలాక లోపలి పొగను బయటికి లాగే భాగం) ఇంకో సాక్షి. టీ-55 సొంత 100 మి.మీ. ఫిరంగికి అది గొట్టం కొసన ఉంటుంది. 105 మి.మీ. ఎల్7 ఫిరంగికైతే నడుమ. అంటే పక్క నుంచి తీసిన మసక ఫోటో అయినా ఫిరంగి మారిందో లేదో చెప్పేస్తుంది. 1965లో మన సెంచూరియన్లకు ఉన్నది 20 పౌండర్ అనే బ్రిటిష్ ఫిరంగి. అందులోనూ పొగగొట్టం లేని రకం, ఉన్న రకం రెండున్నాయి. కిట్టులో రెండు గొట్టాలూ ఇస్తే మీ తేదీకి చెందిన ఫోటో చూసి తేల్చుకోండి. సూచనల కాగితం ఇంకో దేశపు బండి కోసం రాసింది కావచ్చు.

పుస్తకాల్లో దొరకని పెట్టె, పలక కొలతలు ఫోటో నుంచే రాబట్టొచ్చు. తిన్నగా పక్క నుంచి తీసిన ఫోటోలో టీ-55 చక్రం 27 మి.మీ. ఉందనుకోండి. 810 ÷ 27 = 30. అంటే ఫోటోలో ఒక మిల్లీమీటరు, బండి మీద 30. అదే ఫోటోలో మడ్‌గార్డు మీది పెట్టె 22 మి.మీ. ఉంటే అసలు పొడవు 660 మి.మీ., 1/35లో 18.9. ఈ లెక్క చక్రం ఉన్న వరసలోనే, కెమెరాకు అంతే దూరంలో ఉన్న వస్తువులకే పనికొస్తుంది. టరెట్ అవతలి వైపున్న వస్తువును ఇలా కొలిస్తే చిన్నదిగా వస్తుంది. బండి కొంచెం వాలుగా ఉన్నా లెక్క తప్పుతుంది. ముందు చక్రం, చివరి చక్రం ఫోటోలో ఒకే సైజులో ఉన్నాయో లేదో చూశాకే మొదలుపెట్టండి.

నలుపు తెలుపు ఫోటో నుంచి రంగు చెప్పలేం. ఆకుపచ్చ, గోధుమ రెండూ ఒకే బూడిదగా పడొచ్చు. లేత, ముదురు అనే తేడా వరకు మాత్రమే ఆ ఫోటో సాక్ష్యం చెబుతుంది. పాత కలర్ ప్రింటు కూడా ఏళ్లు గడిచాక ఎర్రబడి ఉంటుంది.

అసలు బండి దగ్గర

మహారాష్ట్రలోని అహిల్యానగర్‌లో (పాత పేరు అహ్మద్‌నగర్) ట్యాంకుల మ్యూజియం ఉంది. 1971 డిసెంబరు 16న బసంతర్ పోరులో సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ నడిపిన సెంచూరియన్ 'ఫామగుస్తా'ను ఆ ఊరిలోనే భద్రపరిచారు. మ్యూజియం బండి దగ్గర ఆకారం, కొలతలు నేర్చుకోండి. రంగు, సామాను నేర్చుకోకండి. ప్రదర్శనకు పెట్టిన బండికి తరచూ మెరిసే ఎనామిల్ పూస్తారు, మూతలు వెల్డింగ్ చేసేస్తారు, పెరిస్కోపులు తీసేస్తారు. యుద్ధం రోజు దాని మీదున్న సంచులు, తాళ్లు, నీళ్ల డబ్బాలు ఏవీ ఉండవు. అనుమతి తీసుకుని, చిన్న స్కేలు పట్టీ ఫ్రేములో పెట్టి ఫోటోలు తీయండి. ముందు, వెనక, రెండు పక్కల నుంచి తిన్నగా నాలుగు, ఆ తర్వాతే అందమైన కోణాలు.

విజయంత, టీ-72 తయారైన హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీ ఆవడిలో ఉంది. తిరుపతి నుంచి చెన్నై సెంట్రల్ వెళ్లే దారి ఆవడి మీదుగానే. దగ్గరే కదా అని గోడ దగ్గర కెమెరా తీయకండి, రక్షణ శాఖ ప్రాంగణాల్లో ఫోటోలు నిషేధం.

మన ఊళ్లో దొరికే సామాను, మన వాతావరణం

పనిముట్ల కోసం హాబీ దుకాణం వెతుక్కోనక్కర్లేదు. కంసాలి పనిముట్లు అమ్మే చోట సన్న ఆకురాళ్లు, చిమటాలు, 0.5 మి.మీ. డ్రిల్లులు పట్టే చేతి బిగింపు, కంటికి పెట్టుకునే భూతద్దం అన్నీ దొరుకుతాయి. మందుల షాపులో ఇన్సులిన్ సిరంజి కొంటే థిన్నర్ చుక్కలు కొలవొచ్చు. 400, 600, 1000 నంబరు నీటి కాగితాలు (తడిపి రుద్దే ఉప్పుకాగితాలు), బూడిద రంగు ప్రైమర్ కార్ల పెయింటు షాపులో ఉంటాయి. అక్కడి ఎన్‌సీ థిన్నర్ మాత్రం కిట్టు ప్లాస్టిక్ అయిన పాలిస్టైరీన్‌ను కరిగిస్తుంది. ముందు కిట్టు ఫ్రేము ముక్క మీద కొట్టి చూడండి. బండి మీద పలుచగా మూడు పొరలు కొట్టాలి, తడిగా ఒకే పొర కొడితే రివెట్లు మాయమవుతాయి.

వేసవిలో మధ్యాహ్నం ఎయిర్‌బ్రష్ పట్టుకుంటే అక్రిలిక్ రంగు సూది కొసనే ఎండిపోయి చుక్కలు చుక్కలుగా పడుతుంది. తెల్లవారుజామున పెట్టుకోండి, లేదా రంగు త్వరగా ఎండకుండా ఆపే రిటార్డర్ రెండు చుక్కలు కలపండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల ముసురులో కష్టం ఇంకో రకం. మ్యాట్ వార్నిష్ తేమ పట్టి పాలలా తెల్లబడుతుంది. ముసురు విడిచేదాకా ఆగడమే మందు. డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్) అంటించేముందు మెరిసే గ్లాసీ వార్నిష్ కొట్టాలి. గరుకు మీద అంటిస్తే కింద గాలి చిక్కి వెండి మెరుపు వస్తుంది, ఇక దాన్ని పోగొట్టడం కష్టం.

దుమ్ము విషయంలో మన చిత్తూరు, తిరుపతి వాళ్లకు ఒక ఆశ ఉంటుంది: పెరట్లో మట్టి బట్టలో జల్లించి చల్లేయడం. చిత్తూరు ఎర్రమట్టి చూడ్డానికి బాగుంటుంది గానీ బసంతర్ ఒడ్డు ఒండ్రుమట్టి ఎర్రగా ఉండదు. బూడిద కలిసిన లేత గోధుమ పొడి వాడండి. తేదీ, చోటు ముందే రాసుకోమన్నది ఇందుకే.

బీరువాలో పెట్టాక

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ప్లాస్టిక్ ఫిరంగి వంగడానికి ఎంతసేపు! పడమటి కిటికీ ఎండ పడే చోటగానీ, ఎండలో నిలిపిన కారులోగానీ మోడల్ వదలకండి. మెత్తటి వినైల్ ట్రాకుల్లోంచి ఊరే ప్లాస్టిసైజర్ (ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే రసాయనం) కొన్నేళ్లకు చక్రాలను తినేస్తుంది. ట్రాకు బిగించేముందు లోపలి వైపు కూడా రంగు పూర్తిగా పూయాలి. డైకాస్ట్ (లోహం పోతపోసి చేసిన) మోడల్ మీద సన్నని పగుళ్లు, బుడగలు కనిపిస్తే అది లోహంలోని కల్తీ వల్ల వచ్చే జింకు తెగులు. ఎంత తక్కువకు ఇచ్చినా కొనకండి, బాగుచేయలేరు.

బీరువాలో కలరా ఉండలు వేయకండి. ఆ ఆవిరి పాలిస్టైరీన్‌ను మెత్తబరుస్తుంది. పెట్టెలు, డెకాల్ కాగితాలు తినే వెండిపురుగుల కోసం సిలికా జెల్ సంచులు పెట్టి, రంగు మారినప్పుడల్లా మార్చండి. ప్రతి మోడల్ కిందా ఒక చీటీ అంటించండి: కిట్టు నంబరు, నాలుగు ముక్కల వివరం, ఏ ఫోటో చూసి ఏ భాగం మార్చారో, ఏది ఊహించి పెట్టారో. ఊహించినవి పెన్సిల్‌తో రాయండి, కొత్త ఫోటో దొరికిన రోజున చెరపడానికి వీలుగా ఉంటుంది.