హాస్టల్ గది కోసం రాత్రంతా క్యూ కట్టాల్సి వస్తే

'ముందు వచ్చినవారికే గదులు' అని నోటీసు పడిందంటే, ఆ ముందు రాత్రి గేటు దగ్గర పడిగాపులు తప్పవు. చలి ఎలా, నిద్ర ఎలా అని అందరూ కంగారు పడతారు గానీ, గది చేజారేది చాలాసార్లు తెల్లవారాక, కౌంటర్ ముందు. ఫారంలో ఒక సంతకం ఉండదు, డబ్బు కట్టబోతే లావాదేవీ ఆగిపోతుంది, లేదా "ఒక్క నిమిషం, మావాళ్లను అడిగి చెప్తాను" అనేలోపు వెనకవాళ్లు ఆ గది తీసేసుకుంటారు. అందుకే సగానికి పైగా పని ముందురోజు మధ్యాహ్నానికే అయిపోవాలి.

అసలు క్యూ అవసరమా

నోటీసు రెండుసార్లు చదవండి. గదులు లాటరీ తీసి ఇస్తుంటే ముందు వెళ్లి ప్రయోజనం లేదు. గడువులోపు ఫారం ఇచ్చిన అందరి పేర్లూ డ్రాలోకి వెళ్తాయి. కొన్నిచోట్ల చదువుతున్న సంవత్సరాన్ని బట్టో, ఇంటి దూరాన్ని బట్టో ఇస్తారు. ఆన్‌లైన్ పోర్టల్ కూడా అదే గంటకు తెరుచుకుంటుంటే క్యూలో ఒకరు, కంప్యూటర్ ముందు ఒకరు ఉండాలి. ఇద్దరిలో ఒకరికి దొరకగానే రెండోవారు ఆపేయాలి. ఒకే పేరు మీద రెండు బుకింగులు కనబడితే ఆఫీసు రెండింటినీ పక్కన పెట్టే ప్రమాదం ఉంది.

తర్వాత ఆఫీసుకు మెయిల్ పెట్టి ఐదు సంగతులు అడగండి. ఏ గేటు తెరుస్తారు, ఎన్ని గంటలకు? లైను ఎక్కడ మొదలవుతుంది? టోకెన్లు ఇస్తారా, ఇస్తే ఎప్పుడు? ఒకరి బదులు ఇంకొకరు నిలబడవచ్చా? ఒక దరఖాస్తు మీద గరిష్ఠంగా ఎన్ని గదులు ఇస్తారు? ఫోన్లో చెప్పిన మాట తెల్లారేసరికి ఎవరికీ గుర్తుండదు. మెయిల్ జవాబును ప్రింటు తీసి జేబులో పెట్టుకోండి.

ఎంత ముందు వెళ్లాలన్నది చివరి ప్రశ్న జవాబును బట్టి ఉంటుంది. మొత్తం 60 గదులు, వాటిలో మీకు కావలసిన రకం 18 అనుకుందాం. మీ ముందున్న దరఖాస్తుల్లో సగం అదే రకం అడిగితే 36వ నంబరు దాకా ఆశ ఉంటుంది. అందరూ అదే అడిగితే 18తో సరి. ఒక్కో దరఖాస్తుకు రెండేసి గదులు ఇస్తామంటే 9తోనే అయిపోవచ్చు. అద్దె తక్కువవి, కాలేజీకి దగ్గరవి ముందు పోతాయి కాబట్టి, మీది ఆ రకమైతే తక్కువ అంకెనే నమ్మండి. క్యూలో తలలు లెక్కపెట్టడం కూడా పొరపాటే. నలుగురు కలిసి నిలబడ్డా దరఖాస్తు ఒకటే కావచ్చు, ఒక్కడే నిలబడ్డా అతని సంచిలో మూడు ఉండవచ్చు. "మీరు ఎంతమంది?" అని కాకుండా "మీవి ఎన్ని ఫారాలు?" అని అడగండి. ముందురోజు సాయంత్రం నుంచి గంటకోసారి ఎవరైనా అటు వెళ్లి చూసొస్తుంటే మంచిది. పదిమంది కనబడ్డారంటే ఆ వార్త ఫోన్లలో పాకిపోతుంది, ఆ తర్వాత లైను చూస్తుండగానే పెరుగుతుంది.

గేటు, జాబితా

రాత్రి క్యూల్లో పెద్ద గొడవ గేటు వల్ల వస్తుంది. జనమంతా పెద్ద గేటు ముందు వరసగా కూర్చుంటారు. తెల్లవారుజామున కాపలా మనిషి వచ్చి పక్క గేటు తాళం తీస్తాడు. లైను తోక ఆ పక్కకే ఉంటుంది కాబట్టి చివరివాళ్లు మొదటివాళ్లయిపోతారు. అప్పుడు తోపులాట మొదలైతే ఎవరు ఎప్పుడొచ్చారో ఎవరూ వినరు. దీనికి మందు రాత్రే వేయాలి. కాపలా సిబ్బంది డ్యూటీ మారే వేళ కనుక్కుని, లైను ఏ గేటు ముందు ఉందో రాత్రివాళ్లకూ పొద్దున్నవాళ్లకూ విడివిడిగా చెప్పి ఉంచండి. వచ్చిన వరసలో నంబరు రాసిన చీటీలు పంచండి. వీలైతే నేలమీద సుద్దతో కూడా నంబర్లు వేయండి. లైను కదిలినా నంబరు మనిషి దగ్గరే ఉంటుంది.

సాధారణంగా మొదట వచ్చినవాళ్లలో ఒకరు నోటుబుక్కు తెరిచి పేర్లు రాయడం మొదలుపెడతారు. అందులో వరుస సంఖ్య, పేరు, దరఖాస్తు నంబరు, వచ్చిన సమయం, సంతకం ఉండాలి. రెండు గంటలకోసారి పేర్లు పిలవడం, వరుసగా రెండుసార్లు పలకని పేరు కొట్టేయడం లాంటి నియమాన్ని పదిమందీ వినేలా ముందే చదివి ఒప్పించాలి. అర్ధరాత్రి దాటాక కొత్త నియమం పెడితే ఎవరూ ఒప్పుకోరు. పేర్లు పిలిచిన ప్రతిసారీ ఆ పేజీని ఫోటో తీసుకోండి. ఆలస్యంగా వచ్చిన గుంపు ఒక్కోసారి రెండో జాబితా మొదలుపెడుతుంది. అప్పుడు సమయం ముద్రపడిన ఆ ఫోటోలే మీ సాక్ష్యం.

అయినా ఒకటి మరవకండి. ఈ జాబితాను ఆఫీసు గుర్తించి తీరాలన్న రూలు లేదు. పేరు రాయించి ఇంటికెళ్లి పడుకున్నవాళ్ల స్థానం "లైనులో నిలబడినవారికే టోకెన్" అన్న ఒక్క మాటతో పోతుంది. పేరు జాబితాలో ఉండాలి, మనిషి లైనులో ఉండాలి. ఇక చోటు అమ్మేవాళ్లు, 'బుకింగ్ ఫీజు' అంటూ లైను వెంట డబ్బు వసూలు చేసేవాళ్లు వస్తే పైసా ఇవ్వకండి. ఆఫీసు డబ్బు కౌంటర్లో రసీదు మీదే తీసుకుంటుంది.

గుడారం వేయవచ్చా అన్నది కూడా ముందే అడగాల్సిందే. కాలిబాట మూసేసినా, రాత్రి గోల చేసినా లైనంతటినీ లేపి పంపించే అవకాశం ఉంది. కుర్చీలకు ఒప్పుకునే చోట కూడా గుడారాలకు ఒప్పుకోకపోవచ్చు.

కాగితాలు, డబ్బు

ఫారం ఇంట్లోనే నింపాలి. మోకాలి మీద పెట్టుకుని వీధిదీపం వెలుగులో నింపిన ఫారంలో తేదీలూ అంకెలూ తప్పుతాయి. ప్రవేశ పత్రం, గుర్తింపు కార్డు, ఫోటోలు, హామీదారు సంతకం చేసిన పత్రం అన్నీ అసలువి ఒక సెట్టు, నకళ్లు రెండు సెట్లు ఉండాలి. నలుగురు కలిసి ఒక ఫ్లాటు తీసుకుంటుంటే నలుగురూ స్వయంగా వచ్చి సంతకం చేయాలా, ఒకరికి అధికార పత్రం రాసిస్తే చాలా అన్నది తేల్చుకోండి. క్యూ గెలిచి కూడా గది పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. కాగితాలన్నీ జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒంటి మీదే ఉంచుకోండి, తలకింద సంచిలో వద్దు.

డబ్బు విషయంలో మూడుచోట్ల ఇరుక్కుంటారు. మొదటిది, కార్డుకూ ఖాతాకూ ఉండే రోజువారీ పరిమితి. డిపాజిట్, మొదటి నెల అద్దె కలిపితే అది దాటిపోవచ్చు, కాబట్టి ముందురోజే పెంచుకోండి. రెండోది, కొత్త ఖాతాను చేర్చాక కొన్ని బ్యాంకులు కొన్ని గంటలపాటు పెద్ద మొత్తాలు పంపనివ్వవు. అందుకని ఆఫీసు ఖాతాను రెండురోజుల ముందే చేర్చి చిన్న మొత్తం పంపి చూడండి. మూడోది ఓటీపీ. ఖాతా అమ్మ పేరునో నాన్న పేరునో ఉంటే ఓటీపీ వాళ్ల ఫోనుకు వెళ్తుంది. కౌంటర్ తెరిచే వేళకు వాళ్లు మెలకువగా, ఫోను చేతిలో పట్టుకుని ఉండాలి. చెక్కో డ్రాఫ్టో అడిగితే ఎవరి పేరున తీయాలో అక్షరం పొల్లుపోకుండా నోటీసులో చూసి రాయించండి.

ఇష్టపడే గదుల జాబితా కాగితం మీద రాసుకోండి. వరసగా కనీసం పది ఉండాలి, ఒక్కోదానికి గది నంబరు, అంతస్తు, అద్దె రాయాలి. దాని కిందే "నలుగురి ఫ్లాటు దొరక్కపోతే ఇద్దరేసి రెండు గదులు, అవీ లేకపోతే వెయిటింగ్ లిస్టు" లాంటి నిర్ణయం, భరించగల గరిష్ఠ అద్దె, చివరి మాట ఎవరిదో రాసి పెట్టండి. కౌంటర్ దగ్గర మీకు దొరికే టైము కొద్ది నిమిషాలే, అక్కడ చర్చలు పెట్టుకోకూడదు.

అగ్రిమెంటు నమూనా కూడా ముందే తెచ్చుకుని చదవండి. సెలవుల్లో గది ఖాళీ చేయాలా, డిపాజిట్ ఎప్పుడు ఏ షరతు మీద తిరిగిస్తారు, మధ్యలో మానుకుంటే ఎంత పోతుంది, కరెంటూ నీళ్లూ అద్దెలో కలిసి ఉన్నాయా అన్నవి చూడండి. అన్నిటికంటే ముఖ్యంగా 'ఉమ్మడి బాధ్యత' అన్న నిబంధన కోసం వెతకండి. అది ఉంటే, ఒక రూమ్‌మేట్ అద్దె ఎగ్గొట్టినప్పుడు ఆ మొత్తాన్ని మిగతావాళ్ల దగ్గర వసూలు చేయవచ్చు.

రాత్రి గడిచేదెలా

చలి కింద నుంచి వస్తుంది. సిమెంటు నేల ఒంట్లో వేడిని లాగేస్తూనే ఉంటుంది. ఎంత మంచి స్లీపింగ్ బ్యాగైనా మన బరువుకు కింది భాగం నలిగిపోయి వేడిని ఆపలేదు. కప్పుకునేదాని కన్నా ముందు పరుచుకునేదాని గురించి ఆలోచించండి. అడుగున ప్లాస్టిక్ షీటు, దానిమీద రెండు పొరల అట్టపెట్టెలు, ఆపైన ఫోమ్ మ్యాట్ వేస్తే సరిపోతుంది. స్లీపింగ్ బ్యాగ్ కొంటుంటే లేబుల్ మీద 'కంఫర్ట్', 'లిమిట్', 'ఎక్స్‌ట్రీమ్' అని మూడు ఉష్ణోగ్రతలు ఉండవచ్చు. చూడాల్సింది కంఫర్ట్ అంకె. మూడోది ప్రాణం నిలవడానికే గానీ నిద్రపోవడానికి కాదు. మడత కుర్చీ తెచ్చుకోవచ్చు గానీ అందులో నిద్ర పట్టదు, తెల్లారేసరికి మెడ పట్టేస్తుంది.

మబ్బు లేని, గాలి లేని రాత్రి మంచు ఎక్కువగా కురుస్తుంది, చలీ ఎక్కువే. సూర్యోదయం అటూ ఇటూగా చలి పతాకస్థాయిలో ఉంటుంది. కాబట్టి సాయంత్రం వేసుకున్న బట్టలు చాలుతున్నాయని మోసపోకండి, ఇంకో పొర సంచిలో ఉండాలి. నూలు బట్ట తడిస్తే వెచ్చదనం పోతుంది. ఒంటికి తగిలే పొర ఉన్నిదో పాలియెస్టర్‌దో అయితే మేలు. పొడి సాక్సుల జత ఒకటి అదనంగా పెట్టుకోండి. గుడారంలో బొగ్గులు కానీ స్టవ్ కానీ వెలిగించవద్దు, మూసిన కారులో ఇంజను ఆన్ చేసి పడుకోవద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ముగ్గురుంటే వంతులు వేసుకోవచ్చు. రాత్రి 10 నుంచి 1 దాకా ఒకరు, 1 నుంచి 4 దాకా ఒకరు, 4 నుంచి 7 దాకా ఒకరు. ఇందులో నడిమి వంతు చాలా కష్టం, నిద్ర రెండు ముక్కలవుతుంది. కౌంటర్ దగ్గర మాట్లాడాల్సిన మనిషికి మొదటి వంతు ఇవ్వండి. ఆ తర్వాత ఐదారు గంటలు ఏకబిగిన పడుకోవచ్చు. చివరి వంతువాళ్లు గట్టివాళ్లై ఉండాలి. నిద్ర బాగా ముంచుకొచ్చేదీ, గేటు దగ్గర కదలిక మొదలయ్యేదీ ఆ వేళలోనే. ఒంటరిగా వస్తే పక్కవాళ్లతో ఒప్పందం చేసుకుని 20 నిమిషాల కునుకులు తీయండి. లోతుగా నిద్రపోయి మధ్యలో లేస్తే అరగంటదాకా మెదడు పనిచేయదు, అందుకే కౌంటర్ తెరవడానికి గంట ముందే లేవాలి. కాఫీ ప్రభావం సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి 11కి తాగి 1కి పడుకోవాలనుకోవడం వృథా. పొద్దున్న లేవగానే తాగితే కౌంటర్ వేళకు పనికొస్తుంది.

మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు మానేయకండి. రాత్రి తెరిచి ఉండేవి రెండు వెలుగుండగానే చూసి పెట్టుకుని, వెళ్లేటప్పుడు ముందువారికీ వెనకవారికీ ఇద్దరికీ చెప్పి వెళ్లండి. ఒక్కరికే చెబితే, ఆ ఒక్కరూ నిద్రపోతే మీ చోటుకు సాక్షి ఉండరు. లైటు కింద కూర్చోండి, లొకేషన్ ఇంట్లోవాళ్లతో పంచుకోండి, సంచి పట్టీని కాలికి చుట్టుకోండి.

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అని రాసి ఉన్నా ఫోనుకు చేరేది ఆరు వేలు, ఆరున్నర వేలు. వోల్టేజి మార్పిడిలో మిగతాది పోతుంది. 5,000 ఎంఏహెచ్ ఫోను ఒకటిన్నర సార్లు కూడా నిండదు. పైగా చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, లోపలి జేబులో ఉంచండి. ఓటీపీ వచ్చేదీ డబ్బు వెళ్లేదీ ఆ ఫోనులోనే, కాబట్టి వీడియోలు ఇంకో ఫోనులో చూసుకోండి.

కౌంటర్ దగ్గర

తెరవడానికి అరగంట ముందే పరుపులన్నీ సర్దేయండి. మీ ముందువాళ్లు లోపలికి వెళ్తున్నప్పుడే పోయిన గదులు మీ జాబితాలో కొట్టేస్తూ ఉండండి. మీ వంతు వచ్చాక మిగిలినవాటిలో పైదాన్ని గది నంబరుతో సహా చెప్పండి. "ఏవేవి ఉన్నాయి?" అని అడిగితే గుమస్తా తనకు నచ్చిన వరసలో చదువుతాడు. డబ్బు కట్టాక రసీదు మీద పేరు, గది నంబరు, మొత్తం, తేదీ, ముద్ర చూసుకోకుండా పక్కకు జరగవద్దు. ఒక్క అంకె తప్పు పడినా అక్కడే దిద్దించడం నిమిషం పని, మర్నాడైతే అర్జీ పెట్టాలి.

గది దొరక్కపోతే ఖాళీ చేతులతో వెళ్లకండి. వెయిటింగ్ లిస్టులో పేరు రాయించి, మీ నంబరు కాగితం మీద తీసుకుని, మిగతా సొమ్ము కట్టాల్సిన గడువు తేదీ అడగండి. బుక్ చేసినవాళ్లలో కట్టలేనివాళ్లు, మనసు మార్చుకున్నవాళ్లు ఆ గడువు దగ్గరే తప్పుకుంటారు. గడువు ముగిసిన మర్నాడు ఆఫీసు తెరవగానే మళ్లీ వెళ్లి అడగండి. ఇక రాత్రంతా మేలుకున్న మనిషి చేతికి బండి తాళాలు ఇవ్వకండి, మిగతావాళ్లలో బాగా పడుకున్నవారు నడపాలి.