పని తెమలడం లేదా? 3వ పాఠం: కుప్ప ఎక్కడ పేరుకుంటోంది

పోయిన పాఠంలో ఒక చిట్టా రాయమన్నాను, ఏ పని ఎప్పుడు చేతికొచ్చింది, ఎప్పుడు చేతి నుంచి వెళ్లింది అని. రాసినవాళ్లు ఆ కాగితం పక్కన పెట్టుకోండి. రాయనివాళ్లు కూడా చదవొచ్చు, కాకపోతే చివర్లో ఇచ్చిన పని ఎగ్గొట్టకండి.

ఆ చిట్టాలో చాలామందికి కనపడేది ఒకటే: పని మీద చెయ్యి పడింది అరగంట, ఆ పని ఎవరి బల్ల మీదో పడి ఉంది మూడు రోజులు. మనమేమో ఆ అరగంటను ఇరవై నిమిషాలు చేద్దామని టెన్షన్ పడుతుంటాం. ఇవాళ ఆ మూడు రోజుల సంగతి చూద్దాం.

పలాస జీడి ఫ్యాక్టరీ తీసుకోండి, మన శ్రీకాకుళం జిల్లాలో ఇంతకంటే తేలిగ్గా అర్థమయ్యే ఉదాహరణ నాకు దొరకలేదు. పిక్కలు ఎండాలి, ఆవిరికి ఉడకాలి, చల్లారాక కోతకెళ్లాలి, లోపలి పప్పు బొర్మాలో, అంటే వేడిగాలి గదిలో ఆరాలి, ఆ తర్వాత పొట్టు తీయడం, గ్రేడింగ్, టిన్నుల్లో ప్యాకింగ్. లెక్క కోసం కోత దగ్గర రోజుకు 150 కేజీల పప్పు వస్తోందని, పొట్టు తీసేవాళ్ల చేతిలో 120 కేజీలే వెళ్తోందని అనుకుందాం. రోజుకు 30 కేజీలు ఆగిపోతాయి, 20 పనిదినాలకు 600 కేజీల కుప్ప. సరుకు లేటవుతోందని ఓనరు ఇంకో కోత మిషన్ కొంటాడు, నెల తిరిగాక "ఏటండీ, మిషన్ కొన్నా ఇంతేనా" అంటాడు. ఇంతే మరి! రోజుకు ప్యాకింగ్‌కి వెళ్లేది అదే 120, పెరిగింది కుప్పా, బ్యాంకు వడ్డీ. పైగా మన సముద్రపు గాలికి ఆరిన పప్పు మళ్లీ చెమ్మ పట్టి పొట్టు సరిగ్గా ఊడదు, గట్టిగా లాగితే గుండు పప్పుగా డబ్ల్యూ 320 అనే గ్రేడు కింద అమ్మాల్సింది బద్ద అయి రేటు పడిపోతుంది.

ఇక్కడో చిన్న సూత్రం ఉంది. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ గణితంతో రుజువు చేశాడు, క్యూలు ఉన్న ప్రతిచోటా పనికొస్తుంది. లోపల ఉన్న పనిని రోజుకు బయటికెళ్లే పనితో భాగిస్తే ఒక్కోదానికి సగటున పట్టే రోజులు వస్తాయి. 600ని 120తో భాగిస్తే 5 రోజులు. కుప్పను 240కి తగ్గిస్తే 2 రోజులు, ఎవరి చేతి వేగమూ పెరగకుండానే. అయితే వచ్చేదీ పోయేదీ ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడే ఈ లెక్క నమ్మాలి. కుప్ప రోజూ పెరుగుతూనే ఉంటే సగటు తీసి లాభం లేదు, ముందు ఆ పెరగడం ఆపాలి.

ఎలా ఆపాలి? పైన తగ్గించాలి. కోత మూడు రోజులు ఆపితే 600 కాస్తా 240 అవుతుంది, ఆ తర్వాత రోజుకు 120కి మించి కోయకూడదు. చెప్పడం సులువే, కానీ కేజీ లెక్కన కూలి ఇచ్చే చోట కోత ఆపమంటే ఆ మూడు రోజులు వాళ్ల ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? ఆ రోజులకు రోజుకూలి ఇచ్చి పొట్టు దగ్గర కూర్చోబెట్టాలి, అప్పుడు కుప్ప ఇంకా తొందరగా కరుగుతుంది. ఆ ఖర్చు ఓనరే పెట్టుకోవాలి. కూలోళ్ల మీద వేసి దానికి సామర్థ్యం అని పేరు పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

ఆఫీసుకి రండి. విజయనగరంలో ఏ ఆఫీసైనా సరే, సాధారణంగా కుప్ప సంతకం దగ్గరే ఉంటుంది. కింద ముగ్గురు గుమాస్తాలు పోటీపడి ఫైళ్లు పంపుతారు, పైన ఒక్కరే చూడాలి, అందులో సగం జిరాక్స్ కాపీ లేదనో ఫారంలో కాలమ్ నింపలేదనో వెనక్కొస్తాయి. ఇలాంటి చోట ఇంకో గుమాస్తాను వేస్తే కుప్పే పెరుగుతుంది. ఆ ముగ్గురిలో ఒకరిని ఫైలు పైకి వెళ్లే ముందు సరిచూసే పనికి పెట్టండి, సంతకం పెట్టేవారి టైము పనికిరాని ఫైళ్ల మీద పోదు. ఆ సంతకం పెట్టేవారి చేతిలో ఉన్న ఫోన్లు ఎత్తడం, రిజిస్టర్లు వెతకడం లాంటివి కూడా వేరేవాళ్లకు ఇవ్వండి. మిగతా చోట్ల ఎవరైనా కాసేపు ఖాళీగా కూర్చుంటే కూర్చోనివ్వండి. ఈ మాట మేనేజర్లకు అస్సలు నచ్చదు, నాకు తెలుసు.

ఇక ఈ వారం మీ పని. మీరు రోజూ చేసే వాటిలో ఒక్క రకమే ఎంచుకోండి: బిల్లులు, దరఖాస్తులు, రిపేరుకొచ్చిన ఫోన్లు, ఏదైనా. రోజూ ఇంటికెళ్లే ముందు లోపల ఎన్ని ఉన్నాయి, ఇవాళ ఎన్ని బయటికెళ్లాయి, ఎక్కువ ఎవరి దగ్గర ఆగాయి అని మూడు గడులు నింపండి. సోమవారం నుంచి శనివారం దాకా. ఆ మూడో గడిలో మీ పేరే వస్తుంటే దాచకుండా రాయండి, వచ్చే పాఠం సరిగ్గా మీ కోసమే, మధ్యలో వచ్చిపడే ఫోన్లూ మనుషుల గురించి.