మన పాటల ఖాతా – 4వ పాఠం: యాప్ మారినా జాబితా చెదరకుండా

గత పాఠంలో యాప్‌లో ‘డౌన్‌లోడ్’ చేసుకున్న పాటకూ, మన కంప్యూటర్‌లో ఉన్న సొంత ఫైలుకూ తేడా చూశాం. చందా ఆగితే ఆ డౌన్‌లోడ్లు పలకవు. చందా కడుతున్నా సరే, స్పాటిఫై లాంటి యాప్‌ను కనీసం 30 రోజులకు ఒకసారి ఇంటర్నెట్‌కు కలపాల్సిందే. ఈ వారం నేర్చుకునే పని ఒక్కటే. ఏళ్ల తరబడి కూర్చుకున్న పాటల జాబితాను యాప్ నుంచి బయటికి తీసి, సొంత పట్టికగా భద్రపరిచి, మరో యాప్‌లోకి తప్పుల్లేకుండా ఎక్కించాలి. సాధన చేయడానికి ఒక కంప్యూటర్, ఒక సాయంత్రం కేటాయించుకోండి. ఫోన్‌లో ఈ పని చాలా చిరాకు పెడుతుంది.

ఇంత శ్రమ ఎందుకన్నది గత కొన్నేళ్ల చరిత్రే చెబుతుంది. సావన్, జియో మ్యూజిక్ 2018లో ఒక్కటై జియోసావన్ అయ్యాయి. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020 డిసెంబరులో మూతపడి, దాని వినియోగదారులు యూట్యూబ్ మ్యూజిక్‌కు మారాల్సి వచ్చింది. గానా 2022లో ఉచితంగా వినిపించడం మానేసి చందాదారులకే పరిమితమైంది. రెస్సో 2024 జనవరి చివర మన దేశం నుంచి తప్పుకుంది. ఎయిర్‌టెల్ 2014లో మొదలుపెట్టిన వింక్ మ్యూజిక్ కూడా 2024లోనే ముగిసింది. యాప్ నిక్షేపంగా నడుస్తున్నా పాటలు మాయం కావచ్చు. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో భారత్‌లో అడుగుపెట్టినప్పుడు సరెగమ సంస్థతో ఒప్పందం కుదరలేదు. అది కుదిరింది 2020 మే నెలలో. ఒకప్పుడు హెచ్ఎంవీ ముద్రతో రికార్డులు తెచ్చిన గ్రామఫోన్ కంపెనీయే ఈ సరెగమ. పాత తెలుగు సినిమా పాటలను ప్రాణంగా చూసుకునే శ్రోతకు ఏడాదికి పైగా ఆ యాప్‌లో ఎంత వెలితి ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. 2023 మార్చిలో జీ మ్యూజిక్ పాటలకూ అదే యాప్‌లో ఇలాంటి గతే పట్టింది.

పాటలు అద్దెకు తెచ్చుకున్నవే కావచ్చు. వేల పాటల్లోంచి ఈ నూటయాభై నావి అని ఏరుకున్న ఆ ఎంపిక మాత్రం మీది. దాన్ని ఏ కంపెనీ దయాదాక్షిణ్యాలకూ వదలకూడదన్నదే ఈ పాఠమాల మొత్తానికీ నా పట్టుదల.

మొదటి మెట్టు: బయటికి తీయడం

స్పాటిఫైలో మీ ఖాతా పేజీకి వెళ్లి, గోప్యతకు సంబంధించిన విభాగంలో మీ సమాచారం కావాలని కోరండి. కొద్ది రోజుల్లో ఈమెయిల్‌కు లింకు వస్తుంది. అందులోని జిప్ ఫైలు విప్పితే జాబితాల ఫైలు కనిపిస్తుంది. దానిలో ప్రతి పాటకూ పేరు, కళాకారుడు, ఆల్బమ్ ఉంటాయి. అది జేసన్ రూపంలో (ప్రోగ్రాములు చదువుకునే రాత పద్ధతి) ఉంటుంది కాబట్టి చూడగానే కంగారు పెట్టినా, మామూలు నోట్‌ప్యాడ్‌లోనే తెరుచుకుంటుంది.

యూట్యూబ్ మ్యూజిక్ వాడేవారికి, గూగుల్ ఖాతాలోని సమాచారాన్ని దించుకునే గూగుల్ టేకౌట్ పేజీ ఉంది. అక్కడ అన్నిటికీ టిక్కులు తీసేసి యూట్యూబ్ ఒక్కదాన్నే ఎంచుకోండి. దాని లోపల కూడా ప్లేలిస్టులు, మ్యూజిక్ లైబ్రరీ మాత్రమే ఉంచండి. లేకపోతే మీరు ఎప్పుడో పెట్టిన వీడియోలన్నీ గిగాబైట్ల కొద్దీ వచ్చిపడతాయి. ఇక్కడ ఒక చిక్కుంది. ప్లేలిస్టు ఫైలులో వీడియోల గుర్తింపు సంకేతాలే ఉంటాయి, పాటల పేర్లు ఉండవు. ఆ వీడియోను ఎవరైనా తొలగిస్తే, మీ చేతిలో మిగిలేది అర్థం లేని అక్షరాల వరుస. పేరు, ఆల్బమ్, కళాకారుడి వివరాలు ఉండేది లైబ్రరీ ఫైలులో. అందుకే ఇష్టమైన ప్రతి పాటనూ లైబ్రరీలో కూడా చేర్చి, ఆ తర్వాతే టేకౌట్ తీసుకోండి.

ఆపిల్ మ్యూజిక్ ఈ విషయంలో నయం. కంప్యూటర్‌లోని మ్యూజిక్ యాప్‌లో ఫైల్ మెనూ నుంచి లైబ్రరీలోకి వెళ్తే ప్లేలిస్టును ఎగుమతి చేసే ఏర్పాటు అక్కడే ఉంటుంది. ఎగుమతి సదుపాయం ఎక్కడా కనిపించని యాపుల్లో జాబితాను కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిచి, పేర్లన్నీ ఎంచుకుని కాపీ చేసుకోవడమే దారి. అదీ కుదరకపోతే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. మూతపడబోయే యాప్ విషయంలో అవే అక్కరకొస్తాయి.

ఐరోపాలో 2018 మే నుంచి అమల్లో ఉన్న సమాచార రక్షణ నిబంధన, తన సమాచారాన్ని యంత్రం చదవగల రూపంలో తీసుకునే హక్కును పౌరుడికి ఇచ్చింది. మన 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఆ హక్కుకు చోటు దక్కలేదు. ఇది నిజంగా లోటే. పాటల జాబితా చిన్న విషయంగా కనిపించవచ్చు, కానీ దాన్ని వెంట తీసుకెళ్లలేని శ్రోత నచ్చని యాప్‌లోనే చిక్కుకుపోతాడు.

రెండో మెట్టు: పట్టిక

వచ్చిన ఫైలును స్ప్రెడ్‌షీట్‌గా మార్చుకోండి. సీఎస్‌వీ ఫైలును (గడులను కామాలతో విడదీసిన పట్టిక) డబుల్ క్లిక్‌తో ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలు పిచ్చిగీతలుగా మారడం మామూలే. ఫైలు పాడైందని దాన్ని తీసిపారేయకండి. ఖాళీ షీటు తెరిచి, డేటా విభాగం నుంచి ఆ ఫైలును లోపలికి తెచ్చుకుంటూ, లిపి సంకేతంగా యూటీఎఫ్-8 ఎంచుకుంటే తెలుగు చక్కగా కనిపిస్తుంది. దాచేటప్పుడూ సీఎస్‌వీ యూటీఎఫ్-8 రూపమే ఎంచుకోండి. లిబ్రే ఆఫీస్ అయితే తెరిచేటప్పుడే ఈ ప్రశ్న తానే అడుగుతుంది.

నిలువు వరుసలు ఇవి: పల్లవి మొదటి మాటలు, సినిమా, సినిమా ఏడాది, సంగీత దర్శకుడు, గాయకులు, గీత రచయిత, నిడివి, ఐఎస్‌ఆర్‌సీ (రికార్డింగు గుర్తింపు సంకేతం, మూడో మెట్టులో చూస్తాం). యాప్ ఇచ్చే ఏడాదిని నమ్మవద్దు. పాత పాట ఏదో సంకలనంలో మళ్లీ విడుదలై ఉంటే, ఆ సంకలనం ఏడాదే కనిపిస్తుంది. సంకలనం పేరే ఆల్బమ్‌గా నమోదై, సినిమా పేరు ఎక్కడా లేకుండా పోతుంది. ఈ రెండు వరుసలనూ మీ జ్ఞాపకంతోనో, క్యాసెట్ అట్ట చూసో మీరే నింపాలి.

మూడో మెట్టు: పోల్చడం

అసలు నైపుణ్యం ఇక్కడే కావాలి కాబట్టి నెమ్మదిగా చదవండి. ఒక యాప్‌లోని పాటను మరో యాప్‌లో ఎలా గుర్తుపట్టాలి? అన్నిటికన్నా గట్టి ఆనవాలు ఐఎస్‌ఆర్‌సీ. ఒక్కో రికార్డింగుకు ఇచ్చే 12 అక్షరాల సంకేతం ఇది. మొదటి రెండూ దేశాన్నో, సంకేతాలు జారీచేసే సంస్థనో సూచిస్తాయి. తర్వాతి మూడు నమోదుదారుకు, ఆపై రెండు అంకెలు సంవత్సరానికి, చివరి అయిదు ఆ రికార్డింగు వరుస సంఖ్యకు. ఆ రెండంకెల సంవత్సరం సంకేతం ఇచ్చిన ఏడాదే, పాట పాడిన ఏడాది కాదు. ఈ ప్రమాణం 1986లో వచ్చింది. ఘంటసాల 1974లోనే కన్నుమూశారు. కాబట్టి ఆయన పాటలకు ఉన్న సంకేతాలన్నీ ఆ తర్వాతి కాలంలో ఇచ్చినవే. పైగా ఒకే పాత రికార్డింగు వేర్వేరు సంకలనాల్లో వేర్వేరు సంకేతాలతో తిరుగుతుండవచ్చు. సంకేతం కలిస్తే పాట అదేనని దాదాపు నిశ్చయించుకోవచ్చు. కలవకపోయినంత మాత్రాన వేరే పాట అనుకోవద్దు.

చాలా యాపులు ఈ సంకేతాన్ని తెరపై చూపవు. రికార్డింగ్ కంపెనీల అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్‌పీఐ వెతుకులాట పేజీలో, మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే ఉచిత సంగీత సమాచార భాండారంలో దొరుకుతుంది. పాత తెలుగు పాటలకు అక్కడా ఖాళీలు ఉంటాయి. అప్పుడు పేర్లతోనే పోల్చుకోవాలి, మన కష్టాలు అక్కడే మొదలవుతాయి.

సుశీల గారి పేరే తీసుకోండి. ఇంగ్లిషు స్పెల్లింగులో ‘ఎస్’ తర్వాత ‘హెచ్’ కొందరు పెడతారు, కొందరు పెట్టరు. నడుమ ‘ఈ’ రెండుసార్లు రాసేవారున్నారు, ‘ఐ’ ఒక్కటే రాసేవారున్నారు. ఇంటిపేరు పొడి అక్షరం వెనుక చుక్క ఉండవచ్చు, లేకపోవచ్చు. ఇవన్నీ యంత్రానికి వేర్వేరు మనుషులుగా కనిపించే ప్రమాదం ఉంది. దీనికి తోడు, ఒక యాప్ కళాకారుడి స్థానంలో గాయని పేరు వేస్తే, మరొకటి సంగీత దర్శకుడి పేరు వేస్తుంది. అందుకే పట్టికలో ఈ ఇద్దరికీ విడివిడి వరుసలు పెట్టుకున్నాం.

కొత్త పాటలకు వేరే రకం పరీక్ష. 2021లో వచ్చిన ‘పుష్ప’ సినిమాలోని ‘శ్రీవల్లి’ చూడండి. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ భాషలు నాలుగింటిలోనూ పాట పేరు అదే, సంగీతం దేవిశ్రీ ప్రసాద్‌దే, గొంతు సిద్ శ్రీరామ్‌దే. బాణీ ఒకటే కనుక నిడివి కూడా సాయపడదు. తర్వాతి మెట్టులో చూడబోయే తరలింపు సేవ తమిళ పాటను తెచ్చి తెలుగు పాట స్థానంలో కూర్చోబెట్టినా, నివేదికలో ‘సరిపోయింది’ అనే రాస్తుంది. పట్టు దొరికేది రచయిత దగ్గరే. తెలుగు పాట రాసింది చంద్రబోస్. గీత రచయితకు వరుస ఎందుకని అడిగేవారికి ఇదే నా సమాధానం. రాసినవారి పేరును మన యాపులు చాలా వరకు మూలన పడేస్తాయి. మనమైనా దానికి చోటు ఇద్దాం.

పాత పాటలకు నిడివి బాగా పనికొస్తుంది. రెండు మూడు సెకన్ల తేడా పర్వాలేదు. పదిహేను, ఇరవై సెకన్ల తేడా ఉంటే, అది వేరే గొంతు పాడిన పాటో, చరణం తగ్గించిన పాటో, రీమిక్సో అయ్యే అవకాశం ఎక్కువ. విని చూడండి.

నాలుగో మెట్టు: తరలించడం

సౌండీజ్, ట్యూన్‌మైమ్యూజిక్ లాంటి సేవలు ఒక యాప్ నుంచి మరొకదానికి జాబితాను మోస్తాయి. ఉచితంగా కొంత మేరకే. సీఎస్‌వీ పట్టికను నేరుగా కూడా తీసుకుంటాయి. అయితే మీ సంగీత ఖాతాలోకి వాటికి అనుమతి ఇవ్వాల్సి ఉంటుంది. పని పూర్తయ్యాక, ఖాతా సెట్టింగుల్లో అనుసంధానమైన యాపుల జాబితాకు వెళ్లి ఆ అనుమతిని తొలగించండి. దీన్ని చాలామంది పట్టించుకోరు, మీరు తప్పక చేయండి.

మొదట ఇరవై పాటల చిన్న జాబితాతో ప్రయత్నించి చూడండి. దొరకని పాటల నివేదికను దాచుకుని, దొరికాయన్నవాటిని మాత్రం ఒక్కొక్కటిగా పది సెకన్లయినా వినండి. అంతా సరిచూసుకునే వరకు పాత యాప్ చందా రద్దు చేయవద్దు.

ఈ వారం అభ్యాసం

మీ జాబితాలోంచి పది పాటలు తీసుకోండి. అందులో మూడు 1970కి ముందువి, రెండు అనువాద చిత్రాలవి, ఒకటి ప్రైవేటు ఆల్బమ్‌ది లేదా జానపదం అయ్యేలా చూడండి. ఎనిమిది వరుసలూ నింపండి. తెలియని గడిని ఖాళీగా వదలండి, ఊహించి రాయవద్దు. తర్వాత ఆ పదింటినీ రెండో యాప్‌లో మీరే వెతికి, దొరికిన పాట ఏ ఆనవాలుతో కలిసిందో తొమ్మిదో వరుసలో రాయండి: సంకేతమా, పేరా, నిడివా, రచయితా. ఏ యాప్‌లోనూ దొరకని పాటలకు పక్కన చిన్న గుర్తు పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఇంట్లోని సీడీల నుంచి ఫైళ్లు తీయడం మొదలుపెడతాం, మన పని ఆ పాటలతోనే.