వ్యాయామ శాస్త్ర ప్రయోగశాలకు పరికరాల నిధులు సమకూర్చుకోవడం ఎలా

పరికరాల కోసం నిధులు అడిగే ప్రతిపాదనలు చాలావరకు యంత్రం పేరుతో, దాని ధరతో మొదలవుతాయి. విద్యార్థి తన చేతులతో ఏ కొలత తీయగలగాలో ముందుగా రాసి, ఆ తరువాతే అందుకు కావలసిన పరికరాన్ని పేర్కొనడం మేలు. మౌత్‌పీసు, ముక్కు క్లిప్పు పెట్టుకుని ట్రెడ్‌మిల్లుపై పరుగెత్తుతున్న సహాధ్యాయి శ్వాసను స్వయంగా కొలవని విద్యార్థికి గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం ఒక నిర్వచనంగానే మిగిలిపోతుంది.

అవసరాన్ని గంటల్లో చూపించండి. తరగతిలో 40 మంది ఉన్నారని, క్యాలిబ్రేషన్ (యంత్రం కొలతలను సరిచూడడం), శుభ్రపరచడంతో కలిపి ఒక్కో పరీక్షకు 45 నిమిషాలు పడుతుందని అనుకుంటే, విడిచిన శ్వాసలోని వాయువులను కొలిచే యంత్రమైన మెటబాలిక్ కార్టు ఒక్కటే ఉంటే, దానిపై ప్రతి విద్యార్థీ ఒక్కసారి పరీక్ష నిర్వహించడానికే 30 గంటలు కావాలి. నలుగురేసి జట్లుగా చేస్తే ఏడున్నర గంటల్లో పూర్తవుతుంది కానీ, ప్రతి జట్టులోనూ ముగ్గురు సహాయకులుగానో ప్రేక్షకులుగానో ఉండిపోతారు. రెండో పరికరం ఎందుకని విశ్వవిద్యాలయ ఆర్థిక కమిటీ అడిగినప్పుడు ఈ లెక్కే సమాధానం.

కొటేషన్‌లోని ధర మొత్తం ఖర్చు కాదు. మెటబాలిక్ కార్టు ఇచ్చే అంకెలను నమ్మాలంటే బయటి గాలితోపాటు, విడిచిన శ్వాసకు దగ్గరగా ఉండే, అంటే సుమారు 16 శాతం ఆక్సిజన్, 4 శాతం కార్బన్ డయాక్సైడ్ గల వాయు మిశ్రమంతోనూ, గాలి పరిమాణాన్ని సరిచూసే 3 లీటర్ల సిరంజితోనూ దానిని తరచూ సరిచూస్తూ ఉండాలి. సిలిండరు ఖాళీ అవుతుంది, ఆక్సిజన్ సెన్సారు కాలక్రమంలో అరిగిపోతుంది, రక్తంలో లాక్టేట్‌ను కొలిచే స్ట్రిప్పులకు గడువు తేదీ ఉంటుంది, సాఫ్ట్‌వేర్ లైసెన్సును పునరుద్ధరించవలసి వస్తుంది. కనుక అయిదేళ్ల నిర్వహణ వ్యయాన్ని, సాంకేతిక సిబ్బంది శిక్షణను మొదటి ప్రతిపాదనలోనే చేర్చండి; యంత్రం కొన్న ఏడాదికి గ్యాసుకు డబ్బులేక దానిపై గుడ్డ కప్పి ఉంచడం విద్యార్థులకు చేసే అన్యాయం.

నిధులు పరిమితమైతే ముందు యాంత్రిక సైకిల్ ఎర్గోమీటర్లు (తొక్కినవారు చేసిన పనిని కొలిచే స్థిర సైకిళ్లు) కొనమని నా సలహా. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం అంచు 6 మీటర్లు కదిలే రకంపై 2 కిలోల నిరోధంతో నిమిషానికి 50 చుట్లు తొక్కితే, నిమిషానికి 600 కిలోగ్రామ్-మీటర్ల పని, అంటే సుమారు 100 వాట్ల శక్తి అని విద్యార్థి కాగితంపై తానే లెక్కకట్టగలడు. విడిచిన గాలిని సేకరించే, 1911లో వాడుకలోకి వచ్చిన డగ్లస్ సంచి కూడా, గ్యాస్ ఎనలైజరు తోడుంటే, కంప్యూటరు తెర వెనుక దాగిపోయే లెక్కలన్నింటినీ కళ్లముందు ఉంచుతుంది.

ఏ ఖర్చును ఎవరిని అడగాలన్నది తరువాతి ప్రశ్న. పెద్ద యంత్రాలకు విశ్వవిద్యాలయ మూలధన బడ్జెట్టు, ఏటా ఖర్చయ్యే వస్తువులకు ప్రయోగశాల రుసుము తగినవి. పూర్వ విద్యార్థులను సాధారణ నిధికి చందా అడగడం కన్నా, హృదయ స్పందన మానిటరుతో సహా ఒక ఎర్గోమీటరును పూర్తిగా సమకూర్చమని కోరడం మంచిది. తామిచ్చినది ఎక్కడుందో వారికి కనిపిస్తుంది. పాదం నేలపై మోపే బలాన్ని కొలిచే ఫోర్స్ ప్లేట్ వంటి ఖరీదైన వాటిని ఫిజియోథెరపీ, ఇంజనీరింగ్ విభాగాలతో కలిసి కొనవచ్చు. పరిశోధన గ్రాంటుతో వచ్చే పరికరం విషయంలో బోధనకు వారానికి ఎన్ని గంటలు కేటాయిస్తారో ముందే రాతపూర్వకంగా తీసుకోండి, ఎందుకంటే నోటిమాట ఒప్పందాలు పరిశోధన ఒత్తిడి పెరిగిన రోజున నిలవవు. కంపెనీ ఉచితంగా ఇస్తానంటే, విడిభాగాలు తన వద్దే కొనాలన్న షరతు ఉందేమో చూసి, అయిదేళ్ల ఖర్చు లెక్కించాకే ఒప్పుకోండి.

బయటివారికి రుసుముపై పరీక్షలు చేసి ఆదాయం పొందడమూ ఒక మార్గమే కానీ, ఆరోగ్య పరిశీలన ప్రశ్నావళి, గుండె లయ తప్పినప్పుడు విద్యుత్ షాక్ ఇచ్చే అత్యవసర డీఫిబ్రిలేటర్, శిక్షణ పొందిన పర్యవేక్షకులు లేకుండా దానిని ప్రారంభించకూడదు. ఆ పరీక్షలు విద్యార్థుల గంటలను తినకుండా సమయపట్టిక కూడా ఉండాలి.

పరికరం చేరిన రోజునుంచే దాని పక్కన ఒక నమోదు పుస్తకం ఉంచి, ఎవరు, ఎన్ని గంటలు, ఏ ప్రయోగానికి వాడారో, ఎప్పుడు చెడిపోయిందో రాయించండి. తదుపరి ప్రతిపాదనకు జతచేయవలసిన మొదటి పత్రం అదే.