అక్టోబరు వానలకు ముందు ఫ్లోట్ ట్యూబ్: తగిలించేవి, ఊడదీయాల్సినవి

ఫ్లోట్ ట్యూబ్ అంటే గుడ్డ తొడుగులో గాలి తిత్తులు పెట్టిన, కాళ్లు నీళ్లలో వేలాడేసి కూర్చునే తేలే సీటు. చెన్నై చుట్టుపక్కల అందులో కూర్చుని గాలం వేసేవాళ్లకు గడ్డుకాలం అక్టోబరు మూడో వారంలో మొదలై డిసెంబరు చివరిదాకా ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల రోజులు అవే. మే నెలలో ముట్టుకాడు ఉప్పుటేరులో చెరువులో తేలినట్టు తేలిన ట్యూబు, నవంబరులో అదే చోటి నుంచి మొగ వైపు, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటికి, కొట్టుకుపోగలదు. దానికి కారణం మన నెత్తిన పడే వాన కాదు, ఎక్కడో పడి ఇటు వచ్చే నీళ్లు. పళ్లికరణై చిత్తడి నేల వరద ఒక్కియం మడువు అనే వాగు గుండా బకింగ్‌హామ్ కాలువలోకి దిగుతుంది, అక్కడి నుంచి కోవళం ఉప్పుటేరుకు చేరి సముద్రంలో కలుస్తుంది. అంటే వేళచ్చేరిలో ఇళ్ల ముందు నిలిచిన నీళ్లు చివరికి వచ్చేది ఇక్కడికే. ముట్టుకాడులో ఆకాశం తేటపడినా ఏరు నెమ్మదించడానికి ఇంకా కొన్ని రోజులు పడుతుంది.

ఫిన్స్ (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు) తొడుక్కుని వెనక్కి తన్నుకుంటూ పోయే మనిషి గంటకు రెండు కిలోమీటర్లు, మహా అయితే మూడు పోగలడు. ప్రవాహం సెకనుకు ఒక్క మీటరు ఉంటే చాలు, అది గంటకు 3.6 కిలోమీటర్లు. ఈ లెక్కకు మోటారు తగిలించడం జవాబు కాదు. బరువు పెరుగుతుంది, ఫ్యాను రెక్కలు కాళ్లకు దగ్గరగా తిరుగుతాయి. ఆ ఆలోచన మానుకోండి. ఈ కాలంలో ట్యూబుకు కొత్తగా ఏం తగిలించాలా అని కాక, ఉన్నవాటిలో ఏవి ఊడదీయాలా అని చూడాలి.

పని సెప్టెంబరులోనే మొదలుపెట్టండి. ముందు గాలి తిత్తులు. జిప్పు తీసి తిత్తుల్ని బయటికి లాగి, చేత్తో నొక్కితే గట్టిగా అనిపించేంత గాలి నింపండి. సబ్బు నీళ్లు పూసి కవాటం చుట్టూ, అతుకుల వెంట బుడగలు వస్తున్నాయేమో చూడండి. తరవాత పన్నెండు గంటలు నీడలో వదిలేయండి. తెల్లవారుజామున కాస్త మెత్తబడితే కంగారు పడక్కర్లేదు, చల్లబడిన గాలి కుంచించుకుంటుంది. మధ్యాహ్నానికి మళ్లీ బిగిస్తే తిత్తి బాగున్నట్టే. బిగియకపోతే చిల్లు ఉన్నట్టే.

అతుకు వేసేముందు తిత్తి దేనితో చేశారో తెలుసుకోండి. పీవీసీకి పీవీసీ జిగురు, యూరిథేన్‌కు యూరిథేన్ జిగురు. సైకిల్ పంక్చర్ సొల్యూషన్ రబ్బరు కోసం చేసింది, పీవీసీ మీద అది నిలవదు. ఫెవిక్విక్ గాజులా గట్టిపడి, తిత్తి మడత పడగానే పగులుతుంది. చిల్లు చుట్టూ అన్నివైపులా రెండంగుళాలు వచ్చేలా, మూలలు గుండ్రంగా కత్తిరించిన ముక్క తీసుకోండి. రెండు ముఖాలనూ సన్నని ఉప్పు కాగితంతో రుద్ది తుడిచి, జిగురు రెండుపక్కలా పలచగా పూసి, అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగి అతికించండి. పైన బరువు పెట్టి 24 గంటలు కదపవద్దు. ఇదంతా సెప్టెంబరులోనే అనడానికి కారణం ఉంది. ముసురు పట్టిన రోజున జిగురులోని ద్రావకం ఆవిరవుతూ ఆ చోటును చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడే సన్నగా పేరుకుంటుంది. ఆ తేమ మీద పడిన అతుకు ఇంట్లో బాగానే ఉంటుంది, నీళ్లలో మాత్రం అంచు నుంచి లేస్తుంది.

తిత్తి ఎంత బాగున్నా దాన్ని పట్టి ఉంచేది పై గుడ్డ. నైలాన్ గుడ్డ కన్నా ముందు ఎండకు చివికేది కుట్టు దారం. అతుకు దగ్గర దారాన్ని గోటితో గీరి చూడండి, పొడిలా రాలితే తిరగకుట్టించాల్సిందే. ప్రయాణపు బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి, మందపాటి పాలిస్టర్ దారంతో రెండు వరసలు వేయించండి. ఇచ్చేముందు తిత్తులు బయటికి తీయడం మరవద్దు (ఈ మాట చెప్పాల్సి రావడం విడ్డూరమే, కానీ సూది గుచ్చిన తిత్తులు తక్కువేమీ కాదు). జిప్పు పళ్లలో ఉప్పు పేరుకుంటే మంచినీళ్లతో కడిగి, ఆరాక మామూలు కొవ్వొత్తి రుద్దండి. నీళ్ల మధ్య జిప్పు విడితే తిత్తి ఆ సందులోంచి బయటికి ఉబ్బి, అక్కడే పేలుతుంది.

గాలి ఎక్కడ, ఎప్పుడు నింపుతారన్నదీ ముఖ్యమే. ఈ తిత్తులు సాధారణంగా ఒకటి రెండు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఒత్తిడికి చేసినవి. టైర్ల షాపు కంప్రెసర్ దగ్గరికి తీసుకెళ్లకండి, చేతి పంపు లేదా కాలి పంపు చాలు. ఇరవై అయిదు డిగ్రీల దగ్గర బిగించి నింపిన ట్యూబును కారు డిక్కీలో పెడితే, ఎండకు లోపల యాభై అయిదు డిగ్రీలకు చేరుతుంది. సాగడానికి చోటు లేకపోతే ఒత్తిడి దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది, అంటే ఉన్నదానికి రెట్టింపు. గట్టు మీద ముప్పాతిక వంతు నింపి, నీళ్లలో పది నిమిషాలు తేలనిచ్చి, మిగతాది అప్పుడు నింపండి. సీటుకూ వీపు దిండుకూ పక్క తిత్తులతో సంబంధం లేకుండా వేరే గాలి గది ఉన్న ట్యూబునే ఈ కాలంలో వాడాలి. ఒకే తిత్తి ఉన్న పాత గుండ్రటి రకాన్ని అటక ఎక్కించండి.

ఇక తగిలింపులు. గాలం కడ్డీ నిలబెట్టే గొట్టానికి ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు, అడుగు పొడవు ముక్క సరిపోతుంది. కోసిన అంచులు ఉప్పు కాగితంతో నున్నగా చేసి, అడుగున మూత పెట్టి, నీళ్లు పోయేందుకు చిన్న బెజ్జం వేయండి. దాన్ని నేరుగా గుడ్డకు బిగించకుండా, కూరగాయలు తరిగే ప్లాస్టిక్ పలకను కోసి, గొట్టాన్ని దానికి బిగించి, ఆ పలకను వెల్‌క్రో పట్టీలతో ట్యూబు రింగులకు కట్టండి. చెన్నై లింగిచెట్టి వీధిలో దొరికే స్టీలు క్లాంపులు వాడేట్టయితే కొసలను పాత సైకిల్ ట్యూబు ముక్కతో చుట్టేయండి. తిత్తులు కోసుకుపోయేది చేప ముళ్ల కన్నా మనం బిగించిన స్క్రూ కొసలతోనే. రెండు గొట్టాలు చాలు. మూడోది పెడితే గేలపు తాళ్లు ఒకదానికొకటి చుట్టుకుంటాయి, విప్పడానికి రెండు చేతులూ కావాలి, అంతసేపట్లో ట్యూబు ఎటు పోతోందో చూసేవాళ్లుండరు.

చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్‌ను ఈ మూడు నెలలూ ఇంట్లో పెట్టేయండి. ఏడు ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒక్కటే రెండు కిలోలకు పైన తూగుతుంది. బురద నీళ్లలో అది చూపించేదీ తక్కువే. తప్పదనుకుంటే పాజిటివ్ తీగ మీద, బ్యాటరీకి పక్కనే, మూడు ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. మొత్తం బరువు, అంటే మనిషి, తడిసిన బట్టలు, సామాను, పట్టిన చేపలు అన్నీ కలిపి, ట్యూబు మీద రాసిన పరిమితిలో ముప్పాతిక వంతు దాటకూడదు.

అన్నిటికన్నా ప్రాణాంతకమైనది లంగరు. నిలకడ నీటిలో కిలో, కిలోన్నర లంగరు హాయిగా పనిచేస్తుంది. ప్రవాహం పెరిగితే లంగరు తాడు ట్యూబును ఒక పక్కకు లాగి కిందికి నొక్కుతుంది, రెండో పక్క పైకి లేస్తుంది. ఆ బిగువులో ఉన్న తాడును ఇనుప కొక్కెం నుంచి ఒంటిచేత్తో విప్పడం ఎవరివల్లా కాదు. కాబట్టి అక్టోబరు నుంచి లంగరు వద్దు. మిగతా నెలల్లో వాడినా జారుముడితోనే, కొసను లాగితే ఊడేలా కట్టాలి. తాడు చివర కాసిమేడు చేపల రేవులో దొరికే వల బెండు ఒకటి కట్టుకుంటే, వదిలేసి తరవాత ఏరుకోవచ్చు. చేపలు గుచ్చే తాడుకూ ఇదే నియమం. నడుముకు కట్టుకోకండి, ట్యూబు రింగుకు జారుముడితో కట్టండి.

కాళ్ల మధ్య పట్టీకి ఉండే బకిల్ ఒక్క నొక్కుతో విడాలి. ఇసుక పట్టి బిగుసుకున్నదాన్ని కడగడంతో సరిపెట్టకుండా మార్చేయండి. నడుము లోతు నీళ్లలో, గట్టు మీద మరొక మనిషి ఉండగా, కళ్లు మూసుకుని పట్టీ విప్పి ట్యూబు నుంచి జారి బయటపడడం పదిసార్లు చేయండి. ట్యూబు బోర్లా పడితే తలకిందులుగా ఉన్న మనిషి చెయ్యి వెతికేది ఆ బకిల్‌నే. ఫోము లైఫ్ జాకెట్ తప్పనిసరి. ట్యూబే తేలుతుంది కదా అన్న వాదన ట్యూబు మన కింద ఉన్నంతసేపే చెల్లుతుంది. జాకెట్‌కు విజిల్ ఒకటి, చేతికి అందేలా మొద్దు కొస చాకు ఒకటి ఉండాలి. ఫిన్స్‌ను చీలమండకు చిన్న తాడుతో కట్టుకోండి. ఒక ఫిన్ పోతే ట్యూబు గుండ్రంగా తిరుగుతుందే తప్ప ముందుకు పోదు.

వంతెన స్తంభాల దరికి పోకండి. ఆల్చిప్పల అంచులు గుడ్డనూ తిత్తినీ ఒకేసారి కోస్తాయి, పైగా ప్రవాహం మనిషిని స్తంభానికి అదిమిపెడుతుంది. పండుగప్పను మొప్ప దగ్గర వట్టి చేత్తో పట్టకండి, మొప్ప రెప్ప అంచు బ్లేడులా ఉంటుంది. జెల్ల ముల్లు చేతికీ తిత్తికీ రెంటికీ చేటే, నీళ్లలో ఉండగానే శ్రావణంతో కొక్కెం తీసి వదిలేయండి.

బయల్దేరే రోజు చూడాల్సినవి: వాతావరణ శాఖ ఆరెంజ్ లేదా రెడ్ అలర్ట్ ఉంటే ఆ రోజు మానేయడమే. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందన్నా అంతే. చెంబరంబాక్కం, పూండి జలాశయాల గేట్లు ఎత్తారంటే అడయారు, కొసస్తలైయారుల దిగువన, ఎన్నూరు దగ్గరైనా సరే, దిగకండి. తాగునీటి చెరువుల్లో ఏ కాలంలోనూ ట్యూబు వేయకూడదు. నీళ్లు ఎర్రబారి గుర్రపు డెక్క గుంపులు గుంపులుగా కొట్టుకొస్తుంటే, చెరువు ఎక్కడో పొంగినట్టు లెక్క. ఆ డెక్క వేర్లు ఫిన్స్‌కు చుట్టుకుంటే తన్నడం కుదరదు. ఆటు సమయంలో మొగకు కనుచూపు మేరలో ఉండకండి. ఉరుము వినిపిస్తే కార్బన్ కడ్డీ కిందపెట్టి గట్టెక్కండి, చివరి ఉరుము తరవాత అరగంట దాకా తిరిగి దిగకండి. గాలికి ఎదురుగా ముందు పోయి, అలసిపోయాక గాలివాటున వెనక్కి రావాలి. ఈ కాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి, కారు ఆపుకునే చోటు నైరుతి గట్టున చూసుకోండి. పులికాట్‌లో అయితే జాలర్లు చోట్లను వంతులవారీగా పంచుకునే పాడు పద్ధతి ప్రకారం ఎవరి వంతు చోటు వారిదే. వల కట్టిన వరస ఎటో జాలర్లను అడిగాకే దిగండి.

ఇంటికి రాగానే ట్యూబునూ ఒంటినీ మంచినీళ్లతో కడగాలి. కాళ్లకు కోసుకున్న గాయాలుంటే సబ్బుతో కడిగి మందు వేయండి. వరద నీళ్లలో ఎలుక మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్, అదే ఎలుక జ్వరం, అంటుకుంటుంది. రెండు మూడు వారాల్లోపు చలితో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడడం కనిపిస్తే మామూలు జ్వరమని మాత్ర వేసుకుని ఊరుకోకండి. డాక్టరు దగ్గరికి పోయి, ఫలానా రోజున వరద నీళ్లలో దిగామని మొట్టమొదట చెప్పండి.