మీటర్‌లో 100, ఫోన్‌లో 94 – ఏది నిజం?

కారు స్పీడ్ మీటర్‌లో 100 కనిపిస్తుంటే ఫోన్ మ్యాప్‌లో 94, 95 చూపిస్తోందా? మీటర్ పాడైందని టెన్షన్ పడకండి. దాన్ని కావాలనే కాస్త ఎక్కువ చూపేలా తయారు చేస్తారు. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం మీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు. ఎక్కువైతే అసలు వేగంలో పదో వంతు, దానిపై మరో 4 కిలోమీటర్ల దాకా చూపొచ్చు. అంటే నిజంగా 100లో వెళ్తుంటే 114 చూపినా తప్పు కాదు. పైగా మీటర్ లెక్కంతా చక్రం తిరిగే తీరు మీదే ఉంటుంది. టైరు అరిగితే చుట్టుకొలత తగ్గి, అదే దూరానికి చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది, తేడా ఇంకాస్త పెరుగుతుంది.

పోల్చి చూడాలంటే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) లాంటి తిన్నని రోడ్డు మీద వేగం మార్చకుండా కాసేపు వెళ్లండి. ఫోన్ మాత్రం పక్క సీట్లో వాళ్లే చూడాలి. ఫోన్ వేగాన్ని చూపేది జీపీఎస్ ఆధారంగానే; వేగం మారుతున్నప్పుడు అది కాస్త వెనకబడుతుంది, సొరంగంలో అసలు నమ్మొద్దు.

ఫోన్‌లోనే ఎక్కువ కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి. కంపెనీ చెప్పినదానికంటే పెద్ద టైర్లు వేయించి ఉండొచ్చు. డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్‌లో ఉన్న సైజుతో టైరు మీది అంకెలు సరిచూడండి.