సెల్ సిగ్నలింగ్‌లో క్యాన్సర్ ఎక్కడ మొదలవుతుందో బుర్రకెక్కాలంటే ఇలా చదవండి

గుంటూరు బ్రాడీపేటలో నా దగ్గరకి ట్యూషన్‌కొచ్చే బీఎస్సీ పిల్లలు కణంలో పెరగమనే కబురు మోసే ప్రోటీన్ల పేర్లు ఈజీఎఫ్ఆర్, రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తారు, మరి ఇందులో క్యాన్సర్ ఎక్కడొచ్చిందిరా అంటే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు. అందుకే నేను చెప్పేది ఒకటే, ఏ ప్రోటీన్ పేరు రాసినా పక్కనే దీన్ని ఆపేది ఎవరు అన్నది కూడా రాయండి.

ముందు తెల్లకాగితం మీద అడ్డంగా ఒక గీత గీయండి, అది సెల్ మెంబ్రేన్, అంటే కణం పైపొర. గీత మీద ఈజీఎఫ్ఆర్ (బయటి కబురు అందుకునే రిసెప్టర్), లోపలివైపు గీతకి అంటుకుని రాస్, దాని కింద రాఫ్, మెక్, ఎర్క్, అట్టడుగున న్యూక్లియస్. బయట్నుంచి గ్రోత్ ఫ్యాక్టర్ వచ్చి తగిలితే రెండు రిసెప్టర్లు జతకట్టి ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలించుకుంటాయి, ఆ కబురు మెట్టు మెట్టు దిగి న్యూక్లియస్‌కి చేరితే కణం విభజన మొదలెడుతుంది. ఇందులో జబ్బేం లేదు, దెబ్బ తగిలిన చర్మం మానాలన్నా ఇది కావాల్సిందే.

ఇప్పుడు రాస్ దగ్గర ఆగండి, ఇక్కడ తొందర పడొద్దు. ఇంట్లో మోటార్ వేస్తే ట్యాంకు నిండగానే ఎవరో ఒకరు పరిగెత్తి కట్టేస్తారు కదా, రాస్ కూడా అంతే, జీటీపీ అనే చిన్న అణువుని పట్టుకుంటే ఆన్, ఒక ఫాస్ఫేట్ ఊడి అది జీడీపీగా మారితే ఆఫ్. తనంతట తను ఆగగలదు గానీ చాలా నెమ్మది, గ్యాప్ అనే ప్రోటీన్ వచ్చి తనలో ఉన్న అమైనో ఆసిడ్ ఆర్జినిన్‌ని లోపలికి దూరిస్తేనే టక్కున ఆగుద్ది. రాస్‌లో 12వ స్థానంలో ఉండేది గ్లైసిన్, అమైనో ఆసిడ్లన్నిట్లోకీ చిన్నది, సైడ్ చెయిన్ అంటే ఒక్క హైడ్రోజనే. అక్కడ దానికన్నా పెద్దదైన వేలిన్ వచ్చి కూర్చుందనుకోండి, ఆర్జినిన్ సరిగ్గా కుదురుకోడానికి చోటుండదు, ఇక మోటార్ కట్టే దిక్కుండదు. 1982లో మూత్రాశయం క్యాన్సర్ కణాల్లో దొరికింది ఈ మార్పే, డీఎన్ఏలో ఒక్క అక్షరం తేడా అండీ! మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది నాకు.

ఇదే చూపుతో మిగతావి చూస్తే త్వరగా అయిపోతాయి. రాఫ్‌లో ఒక రకమైన బీరాఫ్‌లో 600వ స్థానంలోని వేలిన్ పోయి గ్లుటమేట్ వస్తే పైనుంచి కబురు లేకుండానే పనిచేస్తుంది, ఈజీఎఫ్ఆర్ లాంటి ఇంకో రిసెప్టర్ హెర్2 అయితే జీన్ కాపీలే పెరిగిపోతాయి. ఒక్క దెబ్బతో క్యాన్సర్ వచ్చేస్తుందని మాత్రం రాయకండి, పీ53 లాంటి కాపలా ప్రోటీన్లు కూడా పోవాలి మామూలుగా.

అర్థమైందో లేదో చూసుకోడానికి ఒక ప్రశ్న వేసుకోండి, రాస్ ఆన్‌లో ఇరుక్కుపోయాక పైనున్న ఈజీఎఫ్ఆర్‌ని మందుతో మూస్తే లాభముందా? ఉండదు, పెద్దపేగు క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్‌ని మూసే మందు సెటుక్సిమాబ్ ఇచ్చేముందు రాస్ టెస్ట్ చేయించేది అందుకే. 12వ స్థానంలో సిస్టీన్ వచ్చిన కేరాస్‌కి (రాస్‌లో ఒక రకం) 2021లో సోటోరాసిబ్ అనే మందు వచ్చింది, అది రాస్‌ని జీడీపీతో ఆఫ్‌లో ఉన్నప్పుడే పట్టేసి మళ్ళీ ఆన్ కానివ్వదు, మీ కాగితం మీద రాస్ పక్కన ఆపేది ఎవరు అని రాశారు చూడండి, దాని కిందే ఎర్ర పెన్నుతో రాసుకోండి.